ఆయిల్ చాంబరుకు వేసిన చిల్లు

శ్రీవారికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఒక్క పళ్ళ డాక్టరు కారుకే మొన్నటిదాకా బాగాలేదు. మీరు అక్కడ గని లారీల రిపేర్ల మధ్య వేళకు తింటున్నారనీ, ఒంట్లో బాగుందనీ తలుస్తాను. నా నడుంనొప్పి గురించి అడిగారు, తగ్గింది. పాప లెక్కల మార్కులు కూడా అడిగారు. వాటి సంగతి మాత్రం అడక్కండి.

ఇక మీ అసలు ప్రశ్న. "డాక్టరు కారుకు ఉన్నది మనం తెప్పించిన కొత్త టర్బోయేనా, తమ్ముడు దాన్ని అమ్మేసి పాతది తగిలించాడా, ఓ కన్నేసి ఉంచు. అదే నిజమైతే షెడ్డు తాళాలు తీసుకుని పంపించెయ్" అని రాశారు. నన్ను అనుమానపు పక్షి అని వెక్కిరించే మీరే ఇలా రాసేసరికి, నాకు రెండు కళ్ళూ చాలలేదు.

మరిది వాలకం కూడా దానికి తగ్గట్టే ఉంది. కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వెనక నీలంపొగ. "అమ్మా, నేను పళ్ళు పీకేవాణ్ణి, దోమలమందు కొట్టేవాణ్ణి కాదు" అని డాక్టరు తిట్టిపోయాడు. మరిది ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళు మార్చాడు, గాస్కెట్ మార్చాడు, పొగ మారలేదు. నేను కారు కిందికి వంగితే "బట్టలు పాడవుతాయి వదినా, ఇటు రాకు" అంటాడు. గోనెసంచిలో ఏదో చుట్టి బల్లకింద దాచాడు. భోజనం దగ్గర నా మొహం చూడడు. ఇంకేం కావాలి నాకు?

మీకు చెప్పలేదు గానీ, ఇంజన్‌లోకి గాలి తోసే ఆ టర్బో వచ్చిన రోజే, వేడి తగలని వైపు పాప గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టాను. మొన్న మరిది సామాన్ల కొట్టుకు వెళ్ళగానే టార్చి పట్టుకుని కారు కింద దూరాను. చుక్క పెట్టినచోటే ఉంది. నిజం చెప్పొద్దూ, కాస్త నిరాశపడ్డాను. వెంటనే గోనెసంచి విప్పాను.

అందులో ఆయిల్ చాంబరు ఉంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అచ్చం కారుకు ఉన్నలాంటిదే. టర్బో నుంచి దిగే గొట్టం కోసం దీనికి మరిది వేసిన చిల్లు బాగా పైన ఉంది. కారుకున్న దానికి మాత్రం అడుగున ఉంది.

టర్బోలోకి ఆయిల్‌ని పంపు తోస్తుంది, బయటికి మాత్రం అది తన బరువుతో తనే దిగాలి అని మీరే ఎన్నోసార్లు చెప్పారు. మన వంటింటి సింకులాగే. గొట్టం చివర ఆయిల్‌లో మునిగి ఉంటే పైనున్నది దిగక, సీలు దాటి పొగ గొట్టంలో కాలుతుంది. ఆ అడుగు చిల్లు వేసి వెల్డింగు పెట్టింది మరిది కాదు. ప్రయాణం హడావిడిలో, ఖాళీ చాంబరును బల్లమీద పెట్టుకుని, ఆయిల్ ఎంతవరకు వస్తుందో చూసుకోకుండా వేసింది మీరు.

మరిది తిరిగొచ్చేసరికి అది నా ఒళ్ళో ఉంది.

"ఇది ఎప్పుడో బిగించెయ్యొచ్చుగా?"

"అన్న వెల్డింగు వదినా అది. ఒకరు వెల్డింగు పెట్టింది ఇంకొకరు మార్చకూడదని అన్నేగా రూలు పెట్టాడు. వచ్చాక తనే మార్చుకుంటాడని..."

"అందాకా దొంగ అనిపించుకుంటావా?"

"ఎవరన్నారు?" అన్నాడు. మీ ఉత్తరం సంగతి వాడికి ఇప్పటికీ చెప్పలేదు.

మీ రూలు పక్కన పెట్టి నేనే మార్పించాను. పొగ పోయింది. ఇంకో సంగతి, ఎలా రాయాలో తెలియక ఇంతదాకా లాక్కొచ్చాను. కారు తీసుకెళ్తూ డాక్టరు "చిన్నవాడికి ఇక నా బండి ఇవ్వనమ్మా" అన్నాడు. వాడు తల వంచుకు నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండి, "ఆ చిల్లు వేసింది మావారండీ, సరిచేసింది వీడు" అనేశాను. కోపం వస్తే రానివ్వండి.

అయినా నా పక్షి ఊరుకోవడం లేదు. మీ ఉత్తరం మళ్ళీ చదివాను. టర్బో గురించి అడిగారు, సీళ్ళ గురించి అడిగారు, తాళాల గురించి కూడా రాశారు. కిందికి దిగే ఆ గొట్టం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. మీరు వేసిన చిల్లు మీద మీకు అప్పుడే అనుమానం వచ్చిందా? రాలేదంటే నమ్ముతాను. కానీ ఈసారి జవాబు నాకు కాదు, మీ తమ్ముడికి రాయండి.

ఇట్లు,
మీరు పేరు పెట్టిన అనుమానపు పక్షి,
మీ ఇల్లాలు