మీరు మానేసిన మాట

ఏమండీ,

ఈ ఉదయం టీవీలో ప్లూటోను చూపించారు. అంత దూరం వెళ్లిన నౌక ఇంకా ఫొటోలు పంపుతూనే ఉందట. మీరుంటే ఇవాళ ఇక్కడ అమెరికాలో, మన డబ్లిన్‌లో ఉన్న మనవాళ్లందరికీ ఫోన్ చేసి విసిగించేవారు.

పెళ్లయిన కొత్తలో ఫ్లోరిడా నుంచి మీరు చేసిన ఫోన్ గుర్తొచ్చింది. "పోయింది! పోయింది!" అని అరిచారు. అప్పుడు బందరులో మా అమ్మ మంచాన ఉంది. అమ్మే అనుకుని, ఫోన్ పట్టుకునే ఏడ్చాను.

"ఏడుస్తవెందుకు? రాకెట్ పైకి పోయిందంటున్న!" అన్నారు. మీ వరంగల్ వాళ్లకి వెళ్లడమూ పోవడమూ ఒకటేనని అప్పటికి నాకింకా తెలియదు.

కొన్ని నెలలకే, అంగారక గ్రహం చేరకముందే, మీరు పనిచేసిన ఆ నౌక నుంచి సిగ్నల్ రావడం ఆగింది. మీరు ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా, "ఈసారి నీ అర్థంలోనే పోయింది," అన్నారు. ఆ తర్వాత ఆ మాట మీ నోట మళ్లీ వినలేదు. కరెంటు పోయినా "వెళ్లింది" అనేవారు. మన స్వాతి మీ దగ్గర ఆ తెలుగే నేర్చుకుంది.

నిరుడు ఆస్పత్రి నుంచి తనే ఫోన్ చేసింది.

"అమ్మా, డాడీ వెళ్లారు."

ఇవాళో రేపో ఇంటికి పంపిస్తామని డాక్టర్ అన్నాడు కదా, బయల్దేరారనుకున్నాను. కుక్కర్‌లో మీకు కూడా బియ్యం పోస్తూ, "ఎక్కడిదాకా వచ్చారే?" అని అడిగాను.

స్వాతి ఏడుస్తూ, "వెళ్లారమ్మా," అనే అంది. పోవడానికి మీరు తనకి ఇంకో మాట నేర్పలేదండీ.