మా ఇంటి కంప్రెసర్ పెద్దాయన

గుడియాత్తం
5-5-1980

చిరంజీవి వేణుగోపాల్‌కు అక్క గోవిందమ్మ చల్లగా ఉండమని దీవించి రాసేది.

ఇక్కడ మీ బావకు చెయ్యి ఆడడం లేదు నాయనా. ఎలక్షను దగ్గరపడింది. ఆదివారం లోపల ఓట్లకు నిలిచిన రెండు కట్చీల బోర్డులకూ రంగు కొట్టి ఇయ్యాల. సరిగ్గా ఇప్పుడే మా పెద్దాయన పడిపోయినాడు. గురగురమంటాడు, ఊపిరి మాత్రం నిలవదు, బుస్సుమని పోతాది. మా వీధి అంతోని వచ్చి చూసి, "వాల్వు పోయింది, వేలూరులోనే దొరుకుతాది" అన్నాడు. నీ గుడ్డల అంగడి బజారులోనే కదా, విచారించి రాయి.

ఇట్లు,
గోవిందమ్మ

తా.క.: పోయిన వారమే నూనె మార్చినా. పాతది తారు మాదిరి ఉండింది.

వేలూరు
6-5-1980

అక్కకు వేణుగోపాల్ నమస్కారాలు.

ఉత్తరం చూసి నా గుండె జారిపోయింది. పెద్దాయనకు ఇట్లా అవుతాదని కలలో కూడా అనుకోలేదు. వెంటనే అంగడి మూసి పెద్దాసుపత్రికి పోయి టోకెన్ వేయించినా. శుక్రవారం పొద్దున ఖాళీ కడుపుతో తీసుకొని రమ్మన్నారు. అంతదాకా కదిలించొద్దు. బావకు ధైర్యం చెప్పు.

నీ తమ్ముడు,
వేణుగోపాల్

తా.క.: ఆ నూనె వైద్యం ఆపు. వాళ్ళకు చెప్తే నన్ను పైనుంచి కిందికి చూసినారు.

గుడియాత్తం
7-5-1980

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

మా బజారులో సైకిల్ ఆసుపత్రి ఉండాది, వేలూరులో వీటికీ ఒకటి పెట్టినారే అని సంతోషించినాము. ఖాళీ కడుపు అన్నావు కదా, కరెంటు పీకేసి, అడుగున మర విప్పి గాలంతా వదిలేసినా. అర చెంబు తుప్పునీళ్ళు వచ్చినాయి! అయినా శుక్రవారం దాకా ఆగేదానికి లేదు. నేనే స్పానరు పట్టి వాల్వు ఊడదీసినా. లోపలి రబ్బరు బిళ్ళ అప్పళం మాదిరి చీలిపోయి ఉండాది. "ఆడదానివి నీకెందుకు?" అన్నాడు మీ బావ. "బోర్డు గుణం నీకు తెలుసు, దీని గుణం నాకు తెలుసు" అన్నా. వాల్వు ఈ కవరులోనే పెట్టినా. అట్లాంటిదే కొను.

ఇట్లు,
గోవిందమ్మ

తా.క.: మా మామ నిన్ను అడిగినాడు. నేను విప్పేటప్పుడు ఆయనే టార్చిలైటు పట్టినాడు. అయినాక ఆరు ఇడ్లీలు తిన్నాడు.

వేలూరు
8-5-1980

అక్కకు నమస్కారాలు.

సిగ్గుతో రాస్తా ఉండా. పెద్దాయనంటే మీ మామే అనుకున్నా. "అర చెంబు తుప్పునీళ్ళు" అని చదివి గల్లా దగ్గరే కూలబడినా. "స్పానరు పట్టి" అనే చోట భోరున ఏడ్చినా. చీరలు కొనేదానికి వచ్చినోళ్ళు నీళ్ళు తాపినారు. కవరులోంచి ఇత్తడి వాల్వు పడినాక, మామ తిన్న ఇడ్లీల సంగతి చదివినాక బుద్ధి వచ్చింది.

పంపుల అంగడిలో కొత్త వాల్వు కొని బస్సు కండక్టరు చేతికి ఇచ్చినా. మరకు తెల్ల టేపు చుట్టి బిగించాలంట. మరీ గట్టిగా వద్దంట.

నీ తెలివిలేని తమ్ముడు,
వేణుగోపాల్

తా.క.: టోకెన్ వద్దని చెప్పేదానికి పోతే, "పేషెంటుకు ఎట్లుంది?" అన్నారు. "వాల్వు బస్సులో పంపినాము, ఇంట్లోనే ఆయన కోడలు బిగిస్తాది" అన్నా. ఇంక ఆ పక్కకు పోలేను.

గుడియాత్తం
12-5-1980

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

వాల్వు బిగించి సోపునీళ్ళు పూసి చూసినా. ఒక్క బుడగ రాలేదు! గాలి మీటరులో ముల్లు పైకి పోయి నిలిచింది. గంట తర్వాత చూస్తే అక్కడే ఉండాది. నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి. రంగు చిమ్మేదానికి గాలి సరిపోయి, బోర్డులన్నీ శనివారానికే అయిపోయినాయి.

అసలు సంగతి విను. మనకు పోటీ పెయింటరు వెంకటరమణ నిన్న తన కంప్రెసర్‌ను ఎద్దులబండిలో వేసుకొని మన వాకిట్లోకి వచ్చినాడు. "మెకానిక్కు యాడ?" అన్నాడు. నేను కొంగు దోపుకొని స్పానరు తీసినా. మీ బావ నన్ను పక్కకు పిలిచి, "పోటీవాడిది మనమెందుకు బాగుచేసేది?" అన్నాడు.

"పోటీ నీది, పని నాది" అని చెప్పి విప్పినా.

ఇట్లు,
గోవిందమ్మ

తా.క.: ఈ పొద్దు లేచి చూస్తే వాకిట్లో కొత్త బోర్డు. అరవంలో, ఎర్ర అక్షరాలతో: "గోవిందమ్మ. కంప్రెసర్ రిపేరు చేయబడును." మీ బావ రాసినాడు. తన పేరు మూలలో వేసుకున్నాడు, అద్దాలు పెట్టుకుంటేనే కనిపిస్తాది.