నాన్న తలకి సగం రంగు

మార్చి 4, మంగళవారం

కాదు, కారు నాన్న నడపలేదు. ఆ టైంలో నాన్న మా గదిలో స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ తువ్వాలు. తల సగం నలుపు, సగం తెలుపు. రంగు వేస్తున్నది నేనే. నన్ను ఇంకా ఎవరూ అడగలేదు. అడిగితే నాకు మాట రాదు, అందుకే ముందే ఫోన్‌లో రాసి పెట్టుకుంటున్నాను.

ఇవాళ నేను పనిచేసే ఫోన్ రిపేర్ షాపుకి సెలవు. నాన్న ఎంబసీలో సార్‌కి డ్రైవర్. సార్ వేరే దేశం మనిషి. అమ్మ ఆయన ఇంట్లోనే వంట చేస్తుంది. ఆ ఇంటి వెనక గదిలో మేం ఉంటాం. సార్ మీటింగ్‌కని వేరే ఊరు వెళ్ళారు. తీరిక దొరికింది కదా అని నాన్న రంగు ప్యాకెట్ తెచ్చుకున్నాడు. మీ అమ్మకి చెప్పకురా అన్నాడు. నేను ఫోటో తీసి అమ్మకి పంపేశాను. వంటింట్లో అమ్మ నవ్విన నవ్వు మా గదిలోకి వినిపించింది.

అప్పుడే చిన్నసార్ కారు బయటికి తీశాడు. చిన్నసార్ అంటే సార్ కొడుకు, పంతొమ్మిదేళ్ళుంటాయి. నాన్న లేవబోతే రంగు చెవిలోకి కారింది. పోనీలే, ఎంత దూరం వెళ్తాడు అని మళ్ళీ కూర్చున్నాడు.

చిన్నసార్ రెండు వీధులు వెళ్ళాడు. మూల మీద దర్జీ సైకిల్‌ని గుద్దాడు. భయపడి ఆపకుండా ఇంటికి వచ్చేశాడు. దర్జీకి కుడికాలు విరిగింది. ఎంబసీ నంబర్ ప్లేట్ రంగే వేరు కదా, వీధిలో అందరికీ గుర్తుండిపోయింది. నడిపింది నాన్నే అనుకుంటున్నారు.

మార్చి 5

పోలీసులు వచ్చారు. గేటు దాటలేదు. దాటకూడదట. కారు ఎవరు నడిపారో చెప్పండి అని కాగితం ఇచ్చి వెళ్ళారు.

గేటు దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. కారు ఎప్పుడు వెళ్ళింది, ఎవరు నడిపారు, సంతకం. సార్‌కి గేటు దగ్గర ఆగడం నచ్చదు. అందుకని నాన్న పొద్దున్నే ఆ రోజు గళ్ళన్నిటిలో సంతకాలు గీకేస్తాడు. టైం వాచ్‌మన్ మామయ్య తర్వాత నింపుతాడు. ఏళ్ళుగా అంతే. నిన్న కూడా అంతే. పదకొండూ పది, పక్కన నాన్న సంతకం.

మేడమ్, అంటే సార్ భార్య, నాన్నని పిలిచారు. అమ్మ గ్లాసులు కడుగుతూ అంతా విందట. మేడమ్ ఏడ్చారట. పిల్లాడి చదువు పోతుంది, పుస్తకంలో ఎలాగూ నీ సంతకమే ఉంది, నువ్వే నడిపానని చెప్పు, మా కారు, మా మనిషివి, నిన్ను ఎవరూ ముట్టుకోరు అన్నారట. నాన్న సరేనన్నాడట.

అమ్మ గదికి వచ్చి అరవలేదు. సరే అనే ముందు ఇంట్లో ఒక మనిషి ఉందని గుర్తు రాలేదా మీకు అంది. నాన్న, పిచ్చిదానా, ఆ ప్లేట్ ఉండగా మనకేం అవుతుందే, పదేళ్ళలో ఒక్క చలానా వచ్చిందా అన్నాడు. వాచ్‌మన్ మామయ్య కిటికీలోంచి తల పెట్టి, ఆ ప్లేట్ చూస్తే యముడు కూడా దున్నపోతుని పక్కకి లాక్కుంటాడమ్మా అన్నాడు. నీ గేటు నువ్వు చూసుకో అన్నయ్యా అంది అమ్మ.

సోమవారం నాన్న స్టేషన్‌కి వెళ్ళి స్టేట్‌మెంట్ ఇవ్వాలి.

మార్చి 6

మిగతా సగానికి రంగు వేయించుకోలేదు. టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు.

మార్చి 7, సాయంత్రం 5

షాపు అన్న నన్ను సైలెంట్ మోడ్ అని పిలుస్తాడు. కస్టమర్ వస్తే నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని తల దించేస్తాను. ఇవాళ ఎంబసీ అక్క వచ్చింది. ఎంబసీలో ఎవరికి ఏ కార్డు ఇవ్వాలో ఆ కాగితాలన్నీ అక్కే చూస్తుంది. తన ఫోన్‌కి స్క్రీన్ మార్చాను. చూసుకోండి అని చేతికిచ్చాను. తెరవగానే నా మెసేజ్. ఎంబసీ డ్రైవర్‌ని పోలీసులు పట్టుకోవచ్చా అక్కా అని.

ఎదురుగా ఉండి మెసేజ్ ఏంట్రా అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

కౌంటర్ మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కటే చెప్పింది. సార్‌ని అరెస్టు చెయ్యకూడదు, ఏ కేసులోనూ. మేడమ్‌కీ, ఇంట్లో ఉండే పిల్లలకీ అంతే. ఆ దేశం నుంచి తెచ్చుకున్న డ్రైవరైతే డ్యూటీలో చేసిన పనికి మాత్రం కాపుదల. ఇక్కడి మనిషిని ఇక్కడే పనిలో పెట్టుకుంటే, ఈ దేశం ఎంత కాపుదల ఇస్తే అంత. మీ నాన్నకి ఏమీ ఇవ్వలేదురా అంది.

మరి ప్లేట్ అని అడిగాను. నోటితోనే అడిగాను. ప్లేట్ కారుకి అంది. కారుని సోదా చెయ్యకూడదు, ఎత్తుకుపోకూడదు. లోపల కూర్చున్నవాడికి ప్లేట్ వల్ల ఏమీ రాదు. చిన్నసార్ నేనే గుద్దాను అని స్టేషన్‌లో నిలబడి చెప్పినా వాళ్ళ దేశం ఒప్పుకోకుండా కేసు పెట్టలేరు. మీ నాన్న చెప్తే అక్కడే కూర్చోబెడతారు. ఆపకుండా వెళ్ళిపోయాడని ఇంకో కేసు కూడా.

అంటే ఎవరికి ఏమీ కాదో వాళ్ళని దాచడానికి, అన్నీ అయ్యే మనిషిని పంపిస్తున్నారు. ఇది నేను అనుకున్నది. అక్క అనలేదు.

మార్చి 8

నాన్నకి చెప్పాను. రెండు ముక్కలు చెప్పేసరికి చెమట పట్టింది. నాన్న టోపీ సర్దుకుని, మేడమ్‌కి తెలియదా, నీ ఫోన్‌షాపుకి తెలుసా అన్నాడు. తర్వాత మెల్లగా, మాటిచ్చానురా అన్నాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు మధ్యాహ్నం రెండే అయింది.

మార్చి 9, ఆదివారం, పొద్దున 9

నాన్న ఫోన్‌లోంచి సార్ నంబర్ తీసుకున్నాను. సార్‌కి మన భాష చదవడం కూడా వచ్చు.

10.40

ఇంకా టైప్ చేస్తున్నాను.

11.10

నాన్న కారు నడపలేదు సార్. టైం చూడండి. ఇంతే రాశాను. కింద, అమ్మకి పంపిన ఫోటో టైంతో సహా కనిపించేలా స్క్రీన్‌షాట్ పెట్టాను. స్టూలు, తువ్వాలు, సగం తల. ఫోటో అమ్మకి వెళ్ళిన టైం పదకొండూ తొమ్మిది. పంపేశాను. ఇది రాసేసి ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి మూత పెడుతున్నాను.

మార్చి 10, సోమవారం

సార్ పొద్దున ఏడుకే టాక్సీలో దిగారు. సూట్‌కేస్‌తోనే మా గదికి వచ్చారు. మా గదిలోకి ఆయన రావడం ఇదే మొదటిసారి. ఎక్కడ కూర్చోబెట్టాలో అమ్మకి తెలియలేదు. ఆ స్టూలే వేసింది. సార్ నాన్నని టోపీ తియ్యమన్నారు. నాన్న తీశాడు. సార్ ఆ తల వైపు చాలాసేపు చూశారు. నవ్వలేదు. నా ఇంట్లో నాకు తెలియకుండా ఇంత జరిగిందా, క్షమించు అన్నారు. నాన్న నేల చూశాడు. సంతకం నాదే సార్, తప్పు నాదే అన్నాడు. తప్పులో నీ వాటా గేటు పుస్తకం వరకే అన్నారు సార్.

పదింటికి చిన్నసార్‌ని తీసుకుని స్టేషన్‌కి వెళ్ళారు. నడిచే వెళ్ళారు. చిన్నసార్ అంతా ఒప్పుకున్నాడట. పోలీసులు రాసుకుని, టీ ఇచ్చి, పంపేశారట. ఎంబసీవాళ్ళలో ఇక్కడిదాకా వచ్చి చెప్పినవాణ్ణి ఇప్పటిదాకా చూడలేదు అన్నాడట ఎస్సై.

సాయంత్రం నాన్న వచ్చి స్టూల్ మీద కూర్చుని తువ్వాలు కప్పుకున్నాడు. మిగతా సగం వేశాను.

మార్చి 21

నా మీద కేసు నడవనివ్వండి అని చిన్నసార్ వాళ్ళ దేశానికి రాశాడట. సార్ కూడా సంతకం పెట్టారట. ఇవాళ జవాబు వచ్చింది. కుదరదట. ఆ కాపుదల వాళ్ళది కాదట, దేశానిదట, దాన్ని తీసే హక్కు కూడా దేశానికేనట. అందరినీ వెనక్కి వచ్చెయ్యమన్నారు. ఎంబసీ అక్క చెప్పింది. మెసేజ్‌లో.

మార్చి 29

ఎయిర్‌పోర్ట్‌కి నాన్నే తీసుకెళ్ళాడు. గేటు దగ్గర ఆగి సంతకం పెట్టాడు. ఒక్క గడిలోనే. సార్ ఆగారు.

ఏప్రిల్ 6

ప్యాంటు పొడవు తగ్గించాలని దర్జీ దగ్గరికి వెళ్ళాను. కట్టు ఇంకా తియ్యలేదు. ఎడమకాలితో మిషన్ తొక్కడం నేర్చుకుంటున్నాడు. కుట్టు వంకరగా వస్తోంది. ఆ ఫోటో పంపింది నువ్వేనట కదా, మీ నాన్న కోసం పంపావు సరే, ప్లేట్ నీదై, గుద్దింది నువ్వే అయితే వచ్చి చెప్పేవాడివా అన్నాడు. మెసేజ్ పెడతానన్నాను.

ఇంటికి వచ్చి రెండు గంటలైంది. అవును అని రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. మీరైతే ఏం పంపేవారు?