ఉంచిన లైన్లు, తీసేసిన లైన్లు

యీషున్, మంగళవారం

నా సరోజినక్కకు,

ఫోన్ చేద్దామంటే ఈ చిన్న ఫ్లాట్‌లో ఏ మూల మాట్లాడినా తిరుమలేష్‌కు వినిపిస్తుంది. అందుకే మెయిల్ రాస్తున్నాను.

ఆంగ్ మో కియోలో మేం మొగుడూ పెళ్లాలిద్దరం పనిచేసే కంపెనీ పిల్లల ఆసుపత్రులకు ప్రోగ్రాం రాస్తుందని నీకు తెలుసు కదా. ఒకే ప్రోగ్రాంకు ఎవరి కాపీలో వాళ్లం మార్పులు చేసి, చివర్లో కలుపుతాం. ఇద్దరం ఒకే చోట చెయ్యి పెడితే మిషన్ ఆగి, ఎవరి లైన్లు ఉంచాలో అడుగుతుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్న పిల్లలకు మందు మోతాదు సగానికి తగ్గించే భాగం నాది. ఆదివారాలు మనవాళ్లంతా చేరే లిటిల్ ఇండియాకు కూడా పోకుండా కూర్చుని రాశాను. ఈ రోజు చూస్తే అందులో నా లైను ఒక్కటీ లేదు. కలిపింది ఎవరా అని చూశాను. తిరుమలేష్. మిషన్ అడిగిన ప్రతిచోటా తనదే ఉంచి, నాది కొట్టేశాడు.

పోయిన వారం అన్నం తింటూ, నా భాగం కలిపావా అని నేనే అడిగాను. "నీది గూడ కలిపేసిన, ఫికర్ చెయ్యకు" అన్నాడు, పప్పు వడ్డించుకుంటూ. పరాయివాడు చేసి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. కట్టుకున్నవాడికి నా పని ఒక్కసారి చదవాలని కూడా అనిపించలేదా?

గురువారం ఇది ఆసుపత్రులకు వెళ్తుంది. రేపు పొద్దున్నే నా లైన్లు నేనే తిరిగి పెట్టేస్తాను, తనను అడగను. తర్వాత మేనేజర్ మే లింగ్‌కు చెప్పి వేరే టీంకు మారిపోతాను. ఇంటి సంగతి ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు.

నీ శ్రీలేఖ

బుధవారం సాయంత్రం

అక్కా,

తొందరపడొద్దని రాశావు. నీ జవాబు వచ్చేసరికే పెట్టేశాను.

ఈసారి నావి తన లైన్ల కింద చేర్చాను కాబట్టి మిషన్ ఏమీ అడగలేదు. నావీ తనవీ పక్కపక్కనే కూర్చున్నాయి. పరీక్షకని ఒక పాప వివరాలు ఇస్తే, సగం రావాల్సిన మోతాదు పావు వచ్చింది. నా లైన్లు సగం చేస్తే, ఆ సగాన్ని తనవి మళ్లీ సగం చేశాయి. ఒకే కూరలో ఇద్దరం ఉప్పు వేసినట్టయింది.

తిరుమలేష్ వచ్చి వెనక నిలబడ్డాడు. "రెండు ఉంటె ఇట్లైతదనే నీది తీసేసిన. చెప్తె బాధపడ్తవని చెప్పలే" అన్నాడు.

"తీసేసే ముందు చదివినవా?"

"నేను గూడ అదే లెక్క రాసిన గద, ఏం చదవాలె?"

ఇంకో పాపను పెట్టాను. అప్పుడే పుట్టింది, కిడ్నీ పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. తన లైన్లతో నడిపితే పూర్తి మోతాదు చూపించింది. ఖాళీగా ఉన్న గడిని చూసి పాప ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్కేసుకుంది. నావాటితో నడిపితే ఆగి, డాక్టరును అడగమంది.

తిరుమలేష్ ముఖం పాలిపోయింది. "రేపు పోతుండె గదా ఇది" అన్నాడు. మే లింగ్‌ను తనే పిలిచి, తప్పు తనదని చెప్పాడు. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "హస్బెండ్ అండ్ వైఫ్, స్టిల్ నెవర్ టాక్ ఆ?" అంది, మొగుడూ పెళ్లాలై ఉండీ మాట్లాడుకోరా అన్నట్టు. పంపడం వాయిదా వేసింది. టీం మారే సంగతి నేను ఎత్తలేదు.

తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. నా లైన్లు మొదటినుంచీ చదివాడు. అర్థం కాని చోట నన్ను అడిగాడు. చదివాక తన లైన్లు తనే తీసేశాడు.

కోపం పూర్తిగా పోలేదు అక్కా. కానీ తను చదువుతుంటే ఒక సంగతి తట్టింది. పొద్దున నావి తిరిగి పెట్టే ముందు, తన లైన్లు నేనూ చదవలేదు.

నీ చెల్లెలు,
శ్రీలేఖ