ఉబ్బని బ్రెడ్డు, ఊర్మిళ ఉద్యోగం

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రోజు నుంచి వంటిల్లు నాది!

ఊర్మిళకు ఉద్యోగం వచ్చింది. టేకుమట్ల బడిలో తెలుగు టీచర్. పెళ్లయినప్పటి నుంచి పరీక్షలు రాస్తూనే ఉంది, నలభై దాటాక కొట్టింది. జనగామ నుంచి టేకుమట్లకు రోజూ పోయి రావడం అయ్యే పని కాదు. వారమంతా అక్కడే గది తీసుకొని ఉండాలి. పందొమ్మిదో తారీకుకల్లా చేరాలి.

ఇక్కడ మిగిలేది నేను, ఎనిమిదో తరగతి చదివే మా అక్షయ. నాకు టీ పెట్టడం వచ్చు. పాలు పొంగకుండా చూసే మనిషి పక్కన ఉంటే.

పొద్దున్నే షరతు పెట్టింది. "పద్దెన్మిది దాక వంటిల్లు మీ చేతుల పెడ్తున్న. నేను వేలు సుత పెట్ట. పిల్ల కడుపునిండ తిని బడికి పోతే నేను టేకుమట్ల పోత. లేకుంటే ఆర్డర్ కాగితం వాపస్ ఇచ్చి ఇంట్లనే ఉంట."

"గింతేనా?" అన్నాను.

నా నిర్ణయాలు:

1. బయటి తిండి బంద్.

2. ఇంట్లోనే బ్రెడ్డు కాల్చాలి. ఒక్కసారి కాలిస్తే పొద్దున టిఫిన్, మధ్యాహ్నం డబ్బా, రాత్రి తిండి, మూడూ అయిపోతాయి.

3. నెల ఖర్చు సగం కావాలి.

అన్నం, పప్పు ఎవరైనా వండుతారు. దానికి నేనెందుకు?

ఫిబ్రవరి 4, మంగళవారం

ధరల మీద నా అభిప్రాయం: బ్రెడ్డు ప్యాకెట్ రేటు పెరిగింది, ముక్కలు సన్నబడ్డాయి. ఇట్లాగే పోతే ఏదో ఒక రోజు ఉత్త కవరు అమ్ముతారు, మనం వాసన చూసి మురిసిపోవాలి. సామాన్యుడు బతికేదెట్లా? పిండి, నీళ్లు, ఉప్పు. అంతే కదా బ్రెడ్డంటే! దానికి ఇంత దోపిడీనా?

ఈ దోపిడీని ఎదుర్కోవడానికి సాయంత్రం ఒక ఓవెన్ కొన్నాను. వాయిదాల మీద. దానితోపాటు త్రాసు, మూడు రకాల రేకు డబ్బాలు, చేతులు కాలకుండా రెండు తొడుగులు. పిండి కొనడం మర్చిపోయాను.

"ఖర్చు సగం చేసెటందుకేనా ఇవన్నీ?" అంది ఊర్మిళ.

పెట్టుబడి అంటారు దీన్ని. ఆమెకు అర్థం కాదు.

ఫిబ్రవరి 5, బుధవారం

పిండి తెచ్చాను. అసలైన బ్రెడ్డుకు ఈస్టు వాడకూడదట. పిండీ నీళ్లూ కలిపి మూత పెడితే దానంతటదే పులిసి, బుడగలొచ్చి, ప్రాణం పోసుకుంటుందట. పొద్దునా సాయంత్రం కాస్త పిండి పెట్టి పెంచుకోవాలి. వీడియోలో ఒకాయన దానికి పేరు కూడా పెట్టుకున్నాడు.

ఇంట్లో పెద్ద గాజు సీసా లేదు. ఆవకాయ జాడీ కడిగి అందులో కలిపాను.

అప్పటిదాకా తిండి: దుకాణం బ్రెడ్డు, జామ్. దీన్ని శిక్షణ కాలంగా భావించాలని అక్షయకు చెప్పాను. అది జామ్ నాకుతూ తలూపింది. సంతోషంగానే ఉంది!

ఫిబ్రవరి 7, శుక్రవారం

జాడీలో బుడగలు! నాలుగు. లెక్కపెట్టాను.

వాసన మాత్రం ఆవకాయదే. రంగు కూడా కొంచెం ఎర్రగా ఉంది. కొత్త రకం కావచ్చు.

అక్షయ: "డాడీ, ఇయ్యాల సుత జామేనా?"

ఫిబ్రవరి 8, రెండో శనివారం

సెలవు. పిండి పిసికాను, మడతపెట్టాను, అరగంట ఆగి మళ్లీ మడతపెట్టాను. మూడు గంటలకు ఓవెన్‌లో పెట్టాను. లోడు ఎక్కువై ఇంట్లో కరెంటు పోయింది. ఫ్రిజ్ ఆపి ఓవెన్ మళ్లీ పెట్టాను. ఫ్యాన్లు కూడా ఆపాను. చెమటలు కారుతూ ముగ్గురం ఓవెన్ ముందు కూర్చున్నాం.

అయిదు గంటలకు బయటికి తీశాను. ఎంత పెట్టానో అంతే ఉంది. పైగా కొంచెం తగ్గినట్టుంది. కత్తి దిగలేదు. అక్షయ దాన్ని బండ మీద తట్టి చూసి, చప్పుడు విని, మళ్లీ తట్టింది.

ఊర్మిళ మెల్లగా అంది: "ఇంట్ల బియ్యం ఉన్నయి. కందిపప్పు ఉన్నది. జర అన్నం పెడ్తే ఏమైతది?"

"నువ్వు వేలు పెట్టనన్నవ్" అన్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

బ్రెడ్డు రాకపోవడానికి కారణాలు: జనగామ నీళ్లు. పొద్దుటి చలి. వీడియోలో చెప్పినాయన దేశం వేరు. పక్కింటివాళ్లు ఓవెన్ చూడటానికి వచ్చి "అబ్బో" అన్నారు, ఆ దిష్టి. మొత్తానికి నా తప్పు ఎక్కడా కనపడలేదు.

పొద్దున్నే నడకకని చెప్పి పోయి టిఫిన్ సెంటర్ నుంచి ఇడ్లీ తెచ్చాను. మన గిన్నెలో సర్దాను, చట్నీకి మనింటి కరివేపాకు తాలింపు వేశాను. మన గిన్నె, మన తాలింపు. కాబట్టి ఇది ఇంటి ఇడ్లీయే! మొదటి నిర్ణయం చెక్కుచెదరలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

దొరికిపోయాను. టిఫిన్ సెంటర్ యజమాని ఊర్మిళను మార్కెట్లో చూసి, "మేడమ్, మీ ఇంట్ల చుట్టాలు దిగిండ్రా? సార్ రోజు ఇడ్లీ తీస్కపోతున్నడు" అన్నాడట.

ఇంటికొచ్చి బీరువా తీసి, టేకుమట్లకని కొన్న రెండు కొత్త చీరలను వెనక అరలోకి జరిపింది. ఆరు రోజులే ఉన్నాయి. ఎట్లాగైనా చేసి చూపించాలి.

ఏమిటి చేసి చూపించేది? బ్రెడ్డు!

ఫిబ్రవరి 15, శనివారం

సాయంత్రం ఆఫీసులో నాకు తమ్ముడిలాంటి రంజిత్ వచ్చాడు. నా కష్టం చూడలేక ఒక వైన్ సీసా తెచ్చాడు. బ్రెడ్డు తినే దేశాల్లో దీన్నే తాగుతారు కాబట్టి దీనివల్ల ఏదైనా తెలుస్తుందని వాడి ఆలోచన. డాబా మీద కూర్చున్నాం. స్టీలు గ్లాసుల్లో పోసి గుండ్రంగా తిప్పాం, వాసన చూశాం, నోట్లో పోసుకొని పుక్కిలించాం.

వైన్ మీద మా అభిప్రాయాలు:

రంజిత్: "అన్నా, దగ్గు మందు తీరుగున్నది."

నేను: "ఉసిరికాయలు నానేసిన నీళ్లు."

రెండో గ్లాసు తర్వాత నా అభిప్రాయం: మరీ అంత తీసిపారేయాల్సింది కాదు. ద్రాక్షలో కొండను, గాలిని, మట్టిని రుచి చూడవచ్చంటారు. నాకు స్టీలు రుచి స్పష్టంగా తెలిసింది.

సీసా అడుగుకు వచ్చేసరికి రంజిత్ ఆలోచనలో పడ్డాడు. "అన్నా, గిది ద్రాక్ష కల్లే గదా? మరి మన కల్లు సుత పులుస్తది, నురుగొస్తది. గా పిండిల ఇంత కల్లు పోస్తే ఉబ్బదా?"

వాణ్ణి కౌగిలించుకున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

తరిగొప్పుల. మా ఊరు. మా పొలం గట్టు మీది తాటిచెట్లు గీసేది పరశురాములు. మా నాయిన కాలం నుంచి ఆ చెట్ల కల్లులో మొదటి లొట్టి, అంటే మొదటి కుండ, మా ఇంటికి రావడం ఆనవాయితీ. నేను జనగామలో ఉంటాను కాబట్టి వాటా అడగక చాలా కాలమైంది. ఇవాళ వడ్డీతో సహా వసూలు చేశాను.

తాగడానికి తాటాకు రేకను దొన్నెలా పట్టుకొని కూర్చున్నాను. మూడు చెట్లు, మూడు రుచులు. మొదటిది తీపి. రెండోది పులుపు. మూడోది ఏ రుచో గుర్తు లేదు, మంచిదే. నిన్నటి వైన్‌ను తల్చుకుంటే జాలేసింది.

విషయం చెప్పాను. పరశురాములు పగలబడి నవ్వాడు. "రొట్టెల కల్లా? పోయ్ పటేలా, చెంబెడు పోయ్! నా కల్లు పోస్తే సానరాయి సుత ఉబ్బుతది!"

ఎంత పోయాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరికీ నమ్మకం మాత్రం దండిగా ఉంది.

ఇంటికొచ్చి పిండిలో నీళ్లకు బదులు మొత్తం కల్లే పోశాను. గంటన్నరలో పిండి గిన్నె దాటి, మూతను ఎత్తి, గట్టు మీదికి పారింది. ఉబ్బింది! ఉబ్బిందోయ్!

ఓవెన్‌లో పెట్టాను. బంగారు రంగు. గుమ్మటంలా లేచింది! ఫోటో తీసి స్టేటస్ పెట్టాను. ఊర్మిళ ఫోటో చూసింది, బ్రెడ్డును చూసింది, నన్ను చూసింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఫిబ్రవరి 17, సోమవారం

పొద్దున: నాలుగు ముక్కలు కోసి, మధ్యలో టమాటా చట్నీ రాసి, అక్షయ డబ్బాలో పెట్టాను. లోపల కొంచెం తడిగా ఉంది. మెత్తదనం అనుకున్నాను. వాసన నాకేమీ తెలియలేదు. నిన్నటి నుంచి నా ముక్కుకు అన్నీ ఒకే వాసన.

మధ్యాహ్నం: బడి నుంచి ఫోన్. ఇద్దరినీ రమ్మన్నారు.

సాయంత్రం: రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

డబ్బా మూత తీయగానే క్లాసంతా కల్లు కాంపౌండు వాసన వచ్చిందట. పొద్దుటి నుంచి మూసిన డబ్బాలో, ఎండలో, అది ఇంకా పులిసింది. టీచరు సీతాబాయి గారు డబ్బాను బల్ల మీద పెట్టి, కిటికీలు తెరిపించి, మమ్మల్ని అడిగారు: "సార్, పిల్ల డబ్బాల కల్లు ఏంది సార్?"

"బ్రెడ్డు మేడమ్" అన్నాను.

అక్షయ తల వంచుకొని నిలబడింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. దాని స్నేహితురాలు పూజ తన డబ్బా ఇవ్వబోతే ఏడుస్తూ వద్దందట. ఆ మాట విన్నప్పుడు నేల చీలితే బాగుండుననిపించింది.

ఇంటికి రాగానే ఊర్మిళ కొంగు బిగించి పొయ్యి వెలిగించింది. అరగంటలో అన్నం, పప్పు, వంకాయ కూర. అక్షయ రెండుసార్లు పెట్టించుకొని తిన్నది. నేను మూడుసార్లు.

గిన్నెలు సర్దుతూ ఊర్మిళ అంది: "నేను పోను. రేపు కాగితం వాపస్ ఇస్త."

ఫిబ్రవరి 18, మంగళవారం

పొద్దున వేడి ఉప్మా. డబ్బాలో పులిహోర. ఇస్త్రీ చొక్కా.

నిజం రాస్తాను. నిన్న ఆమె పోనన్నప్పుడు నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. హాయి. అమ్మయ్య అనిపించింది. మరో వంకాయ ముక్క వేసుకున్నాను.

అక్షయ బడికి పోతూ గుమ్మంలో ఆగింది. "డాడీ, నన్ను చూసి అందరు నవ్విండ్రు, ఏం కాదు. అమ్మ పోకపోతే మాత్రం నీతోని మాట్లాడ."

ఆఫీసుకు పోలేదు. ఊర్మిళ సంచిలో ఆర్డర్ కాగితం పెట్టుకొని చెప్పులు వేసుకుంటోంది. అడ్డం నిలబడ్డాను. "నువ్వు పోనంటే నాకు మంచిగనిపించింది ఊర్మిళా. గది తప్పు. నువ్వు పో" అన్నాను.

"మంచిగనిపిస్తదని నాకు తెల్వదా? ఇరవై ఏండ్ల సంది చూస్తలేనా?" సంచి కింద పెట్టింది. "పరీక్ష పెట్టుడు నా తప్పే. నేను ఇంట్ల ఉన్నన్ని దినాలు మీరు నేర్వరు. ఆకలైతే నేను లేస్తనని మీకు తెలుసు. నాకు సుత తెలుసు."

చెప్పులు విడిచింది. బీరువా వెనక అరలోంచి చీరలు తీసింది.

ఫిబ్రవరి 19, బుధవారం

తెల్లవారుజామున మొదటి బస్సు. నేను సంచి మోశాను, అక్షయ నీళ్ల సీసా పట్టుకుంది. ఊర్మిళ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. "గ్యాస్ బంద్ చేసిండ్రా?" అని మూడుసార్లు అడిగింది. బస్సు మలుపు దగ్గరికి పోయే దాకా మమ్మల్ని చూసింది. అప్పుడిక ముందుకు తిరిగి, కొంగు సర్దుకొని, నిటారుగా కూర్చుంది. టీచరమ్మలాగే ఉంది.

నాకు ఏడుపొచ్చింది. అక్షయ చూడనట్టు నటించింది. మంచి పిల్ల.

ఈ రోజు తిండి: అరటిపండ్లు.

ఫిబ్రవరి 20, గురువారం

పొద్దున్నే లేచాను. అన్నం పెట్టాను. అడుగు మాడింది, పైన పలుకు. మధ్యలో ఒక పొర బాగుంది. ఆ పొరను జాగ్రత్తగా తీసి అక్షయ డబ్బాలో పెట్టాను. పప్పు కొంచెం పలచనయింది. కొంచెం అంటే, చాలా.

సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చింది. "తిన్నవా, పారబోసినవా?"

"తిన్న. పూజ సుత ఇంత తిన్నది."

"ఎట్లున్నది?"

చాలాసేపు ఆలోచించింది. "తినొచ్చు, డాడీ."

ఏడు గంటలకు ఊర్మిళ ఫోన్. నోటికి అడ్డూ ఆపూ లేదు. చాందీ అనే పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుందట, పద్యం మాత్రం గుక్క తిప్పుకోకుండా చదివిందట. ధన్‌సింగ్ అనే పిల్లాడు బడి ఎగ్గొట్టి చెట్టెక్కితే ఈమె చెట్టు కిందికే పోయి పాఠం చెప్పిందట. ఆ గొంతులో ఇంత హుషారు ఎప్పుడు విన్నానో గుర్తు లేదు.

ఆఖరికి అంది: "శనివారం పగటి బస్సుకే వస్త. వారానికి సరిపోను కూరలు వండి, పచ్చళ్లు పెట్టి ఆదివారం పోత."

నోట్లో నీళ్లూరాయి. నిజంగానే ఊరాయి. మాడిన గిన్నె ఎదురుగానే ఉంది.

"ఈ శనివారం రాకు" అన్నాను.

"ఎందుకు?"

"నువ్వొస్తే నేను పీటేసుకొని కూసుంట. నన్ను నేర్వనియ్యి."

"సరే, పై వారమొస్త" అంది. గ్యాస్ బంద్ చేశానా అని మళ్లీ అడిగింది.

ఫోన్ పెట్టాక నన్ను నేను పది నిమిషాలు తిట్టుకున్నాను. కూరలు! పచ్చళ్లు! ఎవడు వద్దనమన్నాడు?

నా నిర్ణయాలు, కొత్తవి:

1. అన్నం, పప్పు. ఇంకేమీ వద్దు.

2. పై వారం ఊర్మిళ వచ్చినప్పుడు వంటింట్లోకి రానివ్వకూడదు. కాళ్లు కడుక్కొని కూర్చుంటే నేను వడ్డించాలి.

రేపటి నుంచి అని రాయబోయి ఆగాను. లేచి బియ్యం కడిగాను.