రొయ్యకు ఇచ్చిన గడువు

ఈ ఇంటి అధికార వర్గమైన అత్తమామల సముఖానికి, మొన్ననే ఇక్కడ ఉండేందుకు వచ్చిన కొత్త అల్లుడు సవినయంగా విన్నవించుకునేది:

మామగారు కొత్త ఉప్పునీటి అక్వేరియం కోసం తెచ్చిన ఎర్రచారల రొయ్యను బకెట్‌లో ఉంచి, ముడివేసిన సన్నగొట్టంతో తొట్టెనీటిని అందులోకి చుక్కచుక్కగా వదలమని నన్ను ఆజ్ఞాపించారు. "తొందరపడకు అల్లుడూ, ఒక్కసారిగా నీళ్లు మారితే పాపం తట్టుకోలేదు" అన్నారు. పూటంతా కాపలా కాసి, దాన్ని తొట్టెలోకి దింపాను.

ఈ ఉదయం అది తొట్టె అడుగున కదలకుండా కనిపించింది. "వచ్చీ రాగానే చంపేశారు కదండీ!" అని అత్తగారు నా వంక చూసి కళ్లొత్తుకున్నారు. నేనే చెంచాతో తీసి పెరట్లో పాతిపెట్టాను. మధ్యాహ్నానికి అదే రొయ్య రాతిచాటు నుంచి మీసాలు ఆడిస్తోంది. "రొయ్యలు పాత పెంకు విడుస్తాయల్లుడూ, నువ్వు పాతింది దాని చొక్కా!" అని మామగారు నవ్వారు. నేను దోషినో, నిర్దోషినో ఎవరూ ప్రకటించలేదు.

పైగా వచ్చిన రోజే మీ ఇంటి అలవాట్లు, బావమరదుల వేళాకోళం, మామగారి గురక నా నెత్తిన ఒక్కసారిగా కుమ్మరించారు.

కావున దాఖలు చేస్తున్న డిమాండు, సంఖ్య ఒకటి: నన్ను కూడా ఈ ఇంట్లోకి చుక్కచుక్కగానే దింపవలసినది.