నట్టు కింద చీటీ

ఫిబ్రవరి 4, మంగళవారం

విడిగా కూర్చోబెట్టి రాయడం నేర్పమని, కొత్తగా ఒక పిల్లను నాకు అప్పగించారు. తొమ్మిదో తరగతి. స్టాఫ్ రూంలో అందరూ తూనీగ అంటారు, ఒక్కచోట వాలదని. ఫైల్లో ఎగ్జిక్యూటివ్ ఫంక్షనింగ్ అని పెద్ద మాట రాశారు. నా భాషలో చెప్పాలంటే, మొదలుపెట్టడం చేతకాదు, వరుస కుదరదు, చివరిదాకా నిలవదు. నోటితో చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా పావుగంట చెప్పింది. రాయమంటే పేపరు తెల్లగానే ఉండిపోయింది.

26న వ్యాస పరీక్ష. ఈసారీ తెల్ల పేపరే ఇస్తే మళ్లీ ఇదే క్లాసులో కూర్చోవాలని హెడ్‌మిస్ట్రెస్ గారు ఖరాఖండిగా చెప్పేశారు. పనిలో పనిగా, పోయిన నెల రిపోర్టు నేనింకా ఇవ్వలేదని కూడా గుర్తు చేశారు. ఇస్తాను.

ఫిబ్రవరి 5

రెండు గంటలు. ఒక్క వాక్యం లేదు. నాకు ఒళ్లు మండింది. దానికీ మండే ఉంటుంది.

ఫిబ్రవరి 11

పేపరు పక్కన పడేశాను. చిన్న చిన్న చీటీలు కోసి ఇచ్చి, చీటీకి ఒక్క సంగతి, అంతే అన్నాను. వరుస తర్వాత చూసుకోవచ్చన్నాను. పదకొండు చీటీలు రాసింది. ఆ సంతోషంలో ఫ్యాను వేశాను. గదంతా ఎగిరాయి. ఇద్దరం బల్లల కింద దూరి ఏరుకున్నాం. నడుము పట్టేసింది.

ఫిబ్రవరి 12

వాళ్ల నాన్న సైకిల్ మెకానిక్. ఆయన షాపు నుంచి తూనీగ జేబు నిండా పాత నట్లు తెచ్చింది. చీటీకో నట్టు బరువు. ఇది నాకెందుకు తట్టలేదో.

ఫిబ్రవరి 18

తప్పు చేశాను. నిన్న అది ఇంటికి వెళ్లాక చీటీలన్నీ నేనే సర్దాను. ముందు పరిచయం, తర్వాత విషయం, చివర ముగింపు. ఎంత మంచి పని చేశానో ఇంట్లో మా అక్కకి చెప్పి మురిసిపోయాను కూడా. పొద్దున తూనీగ వచ్చి చూసి, బల్ల మీద తల వాల్చేసింది. గంటసేపు. బతిమాలాను, కోప్పడ్డాను. ఊహూ.

చివరికి నోరు విప్పింది. వాళ్ల నాన్న సైకిల్ విప్పితే, విప్పిన వరుసలోనే భాగాలన్నీ గోనెపట్టా మీద పెడతాడట. ఆ పట్టా ఇంకెవరూ ముట్టుకోకూడదట. మీరు నా పట్టా కదిపేశారు మిస్ అంది.

పదిహేడేళ్ల సర్వీసు నాది. ఆ సర్దుకోవడమే అసలు రాయడమని, దాని పని నేను లాగేసుకున్నానని అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. సారీ చెప్పాను. పట్టా కదిలిపోతే మీ నాన్న ఏం చేస్తాడని అడిగాను. కాసేపు తిట్టుకుని మళ్లీ మొదటి నుంచి పెడతాడట.

ఇది విని అక్క, నీ రిపోర్టు కూడా ఎవరైనా సర్దిపెడితే బాగుండునే అని దెప్పింది.

ఫిబ్రవరి 24

పేజీన్నర. తనంతట తను. నేను చేతులు కట్టుకుని కిటికీ దగ్గరే నిలబడ్డాను, ఎక్కడ ముట్టుకుంటానో అని.

ఫిబ్రవరి 26, మధ్యాహ్నం 1 గంట

ఇప్పుడే స్టాఫ్ రూంకి వచ్చి కూర్చున్నాను.

పదిన్నరకు కబురొచ్చింది, తూనీగ చీటీలతో దొరికిపోయిందని. ఈ ఘనత నాదే. చీటీలు నేర్పానే గానీ, పరీక్ష హాల్లో చీటీ కనిపిస్తే ఏమనుకుంటారో ఒక్కరోజైనా ఆలోచించానా?

ఫ్యాను గాలికి ఒకటి ఎగిరి ఇన్విజిలేటర్ బూటు దగ్గర పడిందట. నేను పరుగున వెళ్లేసరికి ఆయన చీటీలన్నీ గుప్పిట్లో నలిపి పట్టుకుని ఉన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చారు. తూనీగ లేచి నిలబడి, ఇంటి నుంచి తేలేదు మేడం, మీరిచ్చిన రఫ్ పేపరే చించాను, అంచులు కలిపి చూసుకోండి అంది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కోటీ కలిపి చూశారు. కలిశాయి. చీటీలు తిరిగిచ్చి, పోయిన ఇరవై నిమిషాలూ కలిపి ఇవ్వమన్నారు.

నాకు భయం అది కాదు. పట్టా కదిలిపోయింది. ఇక తల వాల్చేస్తుందని గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. అది గొణుక్కుంది, ఇన్విజిలేటర్నే తిట్టుకుని ఉంటుంది. తర్వాత నలిగిన చీటీలు ఒక్కొక్కటీ సాపు చేసి, మొదటి నుంచి పెట్టుకుంటూ వచ్చింది. బరువుకి రబ్బరు, షార్ప్‌నర్, స్కేలు, వాచీ. బెల్లు కొట్టేదాకా తల ఎత్తలేదు.

మార్చి 4

ఇరవైకి పదమూడు. పాస్.

వాళ్ల నాన్న గ్రీజు చేతులతోనే వచ్చాడు. పేపరుకి మరక అంటకుండా మోచేతులతో నొక్కిపెట్టి, రెండు పేజీలూ చదివాడు. చైను ఊడితే ఎలా ఎక్కించాలో రాసింది. ఇన్నాళ్లూ దీనికి బద్ధకం అనుకున్నానండీ అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. తూనీగ మాత్రం, చైను దగ్గర ఒక ముక్క మర్చిపోయావని ఆయన అన్నందుకు అప్పుడే నాన్నతో వాదన పెట్టుకుంది.

మార్చి 5

నా టేబుల్ మీద ఒక నట్టు. దాని కింద ఖాళీ చీటీ. తూనీగ పెట్టింది. నేనింకా ఇవ్వని రిపోర్టుకట.